అత్త బెండతోటలో నేను చంపించిన పురుగులు

ఈ ప్రయాణానికి కారణం ఒక ఫోటో. నెల క్రితం, గరివిడి దగ్గర పల్లెలో ఉండే మా మేనత్త సూరమ్మ, బెండాకు మీద పాకుతున్న పురుగును తీసి పంపింది. నల్లటి ఒళ్లు, నారింజ మచ్చలు, వీపంతా ముళ్లు; బియ్యపుగింజంత మొసలిలా ఉంది. నాకు ఒళ్లు జలదరించి, "వెంటనే మందు కొట్టించు అత్తా" అన్నాను. చదువుకున్నదాన్ని కదా, కొట్టించింది. రెండు వారాలయ్యాక అగ్రికల్చర్ చదివే స్నేహితురాలికి ఆ ఫోటో చూపించాను. అవి అక్షింతల పురుగు, అదే లేడీబర్డ్, పిల్లలట. ఆకు జోలికి రావట. ఆకు రసం పీల్చే పేనుబంకనీ ఎర్రనల్లినీ తిని బతుకుతాయట. ఇది ఫోన్లో చెప్పే మాట కాదు, ఎదురుగా కూర్చుని చెబుదాం అనుకున్నాను. ఇంటర్వ్యూలని చెప్పుకుని ఇంకో రెండు వారాలు గడిపేశాను.

విశాఖలో పొద్దున్న ఆరింటికి ప్యాసింజరు ఎక్కి ఎనిమిదిన్నరకు చీపురుపల్లిలో దిగాను. టికెట్ పాతిక రూపాయలు, స్టేషన్ బయట ఇడ్లీ ముప్పై. గరివిడి దాకా షేర్ ఆటోకి ఇరవై. అక్కణ్ణుంచి ఊళ్లోకి వేరే ఆటో మాట్లాడుకోవాలి. నూట యాభై అడిగి నూట ఇరవైకి ఒప్పుకున్నాడు. ఫ్యాక్టరీ గొట్టాలు దాటాక డ్రైవర్ వెనక్కి తిరిగాడు.

"ఎవులింటికి పాపా?"

"సూరమ్మ గారింటికి."

"ఓహో, మందు సెప్పిన మేనకోడలివి నువ్వేనేటి? మా తమ్ముడూ అదే కొట్టినాడు. పురుగు సచ్చింది గానీ, ఆకులెందుకో ఎర్రబారిపోతన్నాయి."

అద్దంలో నా మొహం కనబడకుండా పక్కకు జరిగాను.

అత్త తోటలోనే ఉంది. "ఏటే, ఇంత సిక్కిపోనావు? హాస్టల్లో కూడు పెట్టట్లేదేటి?" అంటూ గట్టు మీదికి లాగింది. నేను ఒక ఆకు తిప్పి చూశాను. అడుగున సన్నని బూజులాంటి గూడు, అందులో కదులుతున్న ఎర్రటి చుక్కలు. నోరు తెరిచేలోపే అత్త అందుకుంది.

"నీ మొసళ్లు మళ్లీ ఒచ్చినాయే. పక్క గట్టు కంది మొక్కల మీంచి పాకొచ్చినాయి. పది రోజుల బట్టి పొద్దున్నే నేనే ఏరి నలిపేస్తన్నాను. ఒక్కదాన్నీ ఒగ్గలేదు. సూడు!"

చూపించిన వేలికొసలు పసుపుగా ఉన్నాయి. పసుపు కాదు, వాటి రసం.

అప్పుడు చెప్పాను, అంతా. అత్త వేళ్లను చీర చెంగుకు తుడుచుకుంది.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"రెండు వారాలైంది."

"మరి ఫోన్ సెయ్యలేదేటే?"

"తిడతావని."

"తిడితే ఏటైపోతాదే? ఆ మూల మడైనా మిగిలుండేది."

తరవాత అన్నం పెట్టింది, మజ్జిగ పోసింది. తప్పు సలహా ఇచ్చినందుకు మాత్రం ఒక్క మాట అనలేదు. మొదటిసారి తెలియక చంపించాను. ఆ పది రోజులూ మాత్రం, ఒక్క ఫోన్ కాల్‌తో ఆగిపోయేదని తెలిసీ, నా మర్యాద కాపాడుకుంటూ కూర్చున్నాను. ఎదురుగా చెప్పడం పెద్దరికమని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. భయం అది, అంతే.

ఈ వైపు వెళ్లేవాళ్లకు ఒక సూచన: మధ్యాహ్నం లోపలి ఊళ్లలో ఆటోలు దొరకవు, దిగేటప్పుడే తిరుగు ఆటో మాట్లాడుకోండి. నేను మాట్లాడుకోలేదు. రోడ్డు దాకా రెండు కిలోమీటర్లు అత్త నాతో నడిచింది, గట్ల మీది కంది ఆకులు ఒక్కొక్కటే తిప్పి చూస్తూ. "ఒక్కటి కనబడినా సెప్పవే, కొంగులో ఏసుకెల్లిపోతాను" అంది. రోడ్డు వచ్చేసింది. ఒక్కటీ కనబడలేదు.