నీలం డబ్బాలో పడని బోర్డు

చెన్నైలో ఎలక్ట్రానిక్స్ కొట్లన్నీ ఉండే రిచీ స్ట్రీట్‌లో మా పక్క కొట్టు యజమాని తణికాచలం అన్న. నాలాగే రిపేరు పని, ముప్పై ఏళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాడు. ఊడదీసిన సామాను పారేయడానికి ఆయనకు చేతులు రావు. ఈ జబ్బు మా వీధిలో అందరికీ ఉంది గానీ, ఆయనకు బాగా ముదిరింది.

నిరుడు ఒక కంపెనీ కొత్త ల్యాప్‌టాప్ తెచ్చింది. ఏ భాగానికి ఆ భాగం ఊడదీసి మార్చుకోవచ్చట. చెత్త తగ్గుతుందట, భూమి చల్లబడుతుందట. తీరా చూస్తే, విడిభాగాలు తమ పరీక్ష పాసైనవాళ్లకే అమ్ముతారు. ఊళ్లో కాలేజీలన్నీ ఆ ల్యాప్‌టాప్‌లే కొన్నాయి. పాసవకపోతే అన్న కొట్టు మూసుకోవాల్సిందే.

గిండీలో పెద్ద హోటల్లో పరీక్ష. నలభై మందిమి. ఆన్ కాని ల్యాప్‌టాప్‌లోంచి పాత సర్క్యూట్ బోర్డు తీసి, చీటీ మీద మన నంబరు రాసి దానికి అంటించి, చెత్తకని పెట్టిన నీలం డబ్బాలో వెయ్యాలి. కొత్తది బిగించాలి. నేను ఆరు నిమిషాల్లో ముగించి, వాళ్లు పెట్టిన కేకు తిన్నాను.

అన్న మాత్రం పాత బోర్డును వెలుతురుకు పట్టి చూశాడు. సంచిలోంచి సోల్డరింగ్ ఐరన్ తీశాడు. ఆవగింజంత కెపాసిటర్ ఒకటి మార్చి, అదే బోర్డు తిరిగి బిగించాడు. ల్యాప్‌టాప్ వెలిగింది.

పరీక్ష పెట్టే ఆఫీసరు బిత్తరపోయాడు. "ఏంటి పెద్దాయనా, కొత్త బోర్డు కవరు కూడా చింపలేదే?"

"అవసరం పడలేదు సార్. మీకే మిగిలింది, ఉంచుకోండి."

"మరి డబ్బాలో ఏం వేశారు?"

"ఏం వెయ్యమంటారు సార్? బోర్డు బాగానే ఉందిగా!"

అన్నను ఫెయిల్ చేశారు. కారణం కాగితం మీద రాసిచ్చారు: చెత్త తగ్గింపు విధానం పాటించలేదు.

నేను నా సర్టిఫికెట్టుకు ఫ్రేము కట్టించాను. పక్క కొట్టు షట్టర్ సగమే లేస్తుంటే నెల రోజులు మొహం చాటేశాను. సిగ్గేసింది మరి.

ఇంతలో ఆ నీలం డబ్బా సరుకు పాత ఇనుము బండిలో మా వీధికే వచ్చింది. ముప్పై తొమ్మిది బోర్డులు. అన్న మొత్తం తూకానికి కొనేసి, ఒక్కొక్కటే బాగుచెయ్యడం మొదలుపెట్టాడు. షట్టర్ పూర్తిగా లేచింది.

వారం తిరక్కుండా బోర్డు పోయిన కాలేజీ ల్యాప్‌టాప్ ఒకటి నా దగ్గరికి వచ్చింది. పరీక్షలు దగ్గరపడ్డాయని వాళ్ల తొందర. బోర్డుకు ఎనిమిది వారాలు ఆగమంది కంపెనీ. ఇక తప్పక పక్క కొట్టు మెట్లెక్కాను.

"అన్నా, ఒక బోర్డు ఇస్తావా?"

"సర్టిఫికెట్టు ఉందా తమ్ముడూ?"

"ఉంది," అన్నాను తల దించుకుని.

ఆయన నవ్వి, కుప్పలో వెతికి వెతికి ఒక బోర్డు తీసి నా చేతిలో పెట్టాడు. బాగుచేసిన బోర్డే. వెనక్కి తిప్పి చూశాను. చీటీ మీద నా చేతిరాతతో నా నంబరు, పదిహేడు.