తెరంతా నా గొంతే

నా నోటి పుణ్యమా అని మా అమ్మాయి కాలేజీ పోటీ నుంచి దాదాపు గెంటించుకున్న కథ ఇది. ప్రాణనష్టం లేదు. పరువు నష్టం మాత్రం మొత్తం నాదే, అందులో ఎవరికీ వాటా లేదు.

నేను ఒమాన్‌లోని రుసైల్‌లో ఒక ఫ్యాక్టరీ స్టోర్ చూస్తాను. లెక్కలు నాకు ఎవరూ నేర్పలేదు, నేనే నేర్చుకున్నాను. అలా నేర్చుకున్నవాడికి ఒక జబ్బు ఉంటుంది: తనకు తెలిసిన జవాబు ఎదుటివాడు చెప్పేదాకా ఆగలేడు.

మా సాహితి అల్ ఖౌద్ దగ్గర ఇంజనీరింగ్ చదువుతోంది. డ్యూటీ ముగించుకొచ్చిన తెలుగు కార్మికులకు రూమ్‌కే వేడి భోజనం తెచ్చిపెట్టే యాప్ ఒకటి కాలేజీ పోటీ కోసం ఆమె జట్టు తలపెట్టింది. తయారు చేసే ముందు కస్టమర్లతో మాట్లాడి, ఆ రికార్డింగ్ తేవాలని వాళ్ళ మేడమ్ షరతు. సరిగ్గా ఆ శుక్రవారమే సాహితికి జ్వరం. జట్టులో మిగతా ఇద్దరికీ తెలుగు రాదు.

“నేను వెళ్తా” అన్నాను.

“మూడే ప్రశ్నలు నాన్నా. అడిగి ఊరుకో. యాప్ సంగతి ఎత్తకు. వాళ్ళు ఆగితే నువ్వూ ఆగు.”

“నాకు చెప్పాలా అమ్మా?”

“నీకే చెప్పాలి” అంది వంటింట్లోంచి మా ఆవిడ... అదీ అమ్మాయి తరఫున!

మా ఫ్యాక్టరీ ఫిట్టర్ గంగారాం జగిత్యాల వైపు మనిషి. నేను వెళ్ళేసరికి రూమ్‌లో ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. నా మెడలో కంపెనీ కార్డు, చేతిలో పెన్ను. ఆ రెండూ కలిసి గుమ్మంలో కనబడితే కంపెనీ తనిఖీ అనుకుంటారని గల్ఫ్‌లో పనిచేసిన ప్రతివాడికీ తెలుసు. నాకూ తెలుసు. ఆ పూటే గుర్తు రాలేదు.

“గంగారాం, డ్యూటీ అయ్యాక తిండి సంగతేమిటి?”

గంగారాం కత్తి కింద పెట్టి లేచి నిలబడ్డాడు. “అంతా మంచిగున్నది స్టోర్ సార్. ఏం ప్రాబ్లం లేదు.”

“ఏం ప్రాబ్లం లేదు సార్!” అన్నారు మిగతావాళ్ళు, బడిలో ప్రార్థనలాగా.

తర్వాత నిశ్శబ్దం. స్టోర్‌లో ఖాళీ అర కనబడితే నా చేతులు ఊరుకోవు. ఆ నిశ్శబ్దం కూడా నాకు ఖాళీ అరలాగే కనబడింది. నింపడం మొదలుపెట్టాను.

“ఒళ్ళు హూనమై వస్తారు కదా?”

“అవును సార్.”

“అప్పుడు వండుకోవాలంటే విసుగు కదా?”

“అవును... సార్.”

“ఫోన్‌లో ఒక్క నొక్కు నొక్కితే చేపల పులుసు వచ్చేస్తే?”

“మంచిగుంటది సార్.”

ఇక ఆగానా! యాప్ పుట్టుక, దాని భవిష్యత్తు, పులుసులో కారం మోతాదు అన్నీ వివరించాను. గోడకు ఆనుకున్న ఒకాయన కునుకు తీస్తూ తల వాల్చాడు. అదీ ఒప్పుదల కిందే లెక్కేశాను. అడగందే అమ్మయినా పెట్టదంటారు. నేనైతే అడిగి, పెట్టి, తిని, త్రేన్చి మరీ వచ్చాను.

“నూటికి నూరు!” అని ఇంటికొచ్చి ప్రకటించాను. నూటికి నూరు వచ్చిన లెక్కను రెండోసారి చూడాలన్నది నేను కష్టపడి నేర్చుకున్న మొదటి సూత్రం. ఆ రోజు సూత్రానికి సెలవు.

రికార్డింగ్ చూపించే రోజు కాలేజీలో నన్ను వెనక వరసలో కూర్చోబెట్టారు. మేడమ్ ఒమానీ. తెలుగు రాకపోతేనేం, కంప్యూటర్ ఒక్కొక్క గొంతును ఒక్కొక్క రంగులో చూపిస్తుంది. తెరంతా మిరపకాయలు ఆరబోసినట్టు ఎరుపు.

“ఈ ఎరుపు ఎవరు?”

“మా నాన్న” అంది సాహితి.

“కస్టమర్లు?”

“ఆకుపచ్చ, మేడమ్.”

మేడమ్ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. “ఎక్కడ?”

నేను కుర్చీలో ఎంత కిందికి జారానంటే, వెనక నుంచి చూస్తే ఖాళీ కుర్చీయే. కస్టమర్ మాట్లాడిన రికార్డింగ్ వారంలోగా తేవాలి, లేదా పోటీ నుంచి తప్పుకోవాలి. అదీ తీర్పు.

మరుసటి శుక్రవారం సాహితే వెళ్ళింది. నాచేత కార్డు తీయించి, నన్ను గుమ్మం దగ్గర నిలబెట్టింది. ప్రశ్న అడిగి ఊరుకుంది. నిశ్శబ్దం సాగింది. నేను నాలుక కొరుక్కుని నిలబడ్డాను. చివరికి గంగారామే నోరు విప్పాడు.

“యాప్ ఏమొద్దు బిడ్డా. దినమంతా మిషన్ల లొల్లి. గీ వండుకునేటప్పుడే నలుగురం కూసొని నవ్వుకుంటం. అది గుడ బంజేస్తే ఎట్ల?”

“మరి పోయిన వారం అవునన్నారు?”

“కార్డేసుకొని అడిగితే కాదంటమా? పైంగ సార్ మస్తు సంబరంగ చెప్తుండె. నడుమ ఆపబుద్ధి కాలె.”

భోజనం యాప్ అక్కడికక్కడే కన్నుమూసింది. కారులో సాహితి నా పాత రికార్డింగ్ మళ్ళీ పెట్టుకుని వింది. ఉన్నట్టుండి పకపకా నవ్వింది.

“నాన్నా, అసలు సమస్య ఉన్న కస్టమర్ దొరికాడు.”

“ఎవరమ్మా?”

“నువ్వే!”

ఇంటర్వ్యూలో అడిగేవాడు ఎదుటివాడి కన్నా ఎక్కువ మాట్లాడితే అతని ఫోన్ వణికే యాప్ తయారైంది. దానితో ఫైనల్‌కి చేరారు. వేదిక మీద పరీక్షించడానికి వాగుడుకాయ ఒకడు కావాలన్నప్పుడు జట్టంతా ఒక్కసారి నావైపు తిరిగింది. నేను ప్రశ్న మొదలుపెట్టి, దానికి ఉపోద్ఘాతంలో ఉండగానే ఫోన్ వణుక్కుంటూ బల్ల చివరిదాకా పాకి కింద పడింది. చప్పట్లు ఫోన్‌కో నాకో అడగలేదు.

కనుక మహాజనులారా, ప్రమాణం చేస్తున్నాను: ఇకపై ప్రశ్న అడిగితే జవాబు వచ్చేదాకా పెదవి కదపను. ఎదుటివాడి నిశ్శబ్దంలో నా సరుకు దించను.

ఇంతవరకు రాసి మా ఆవిడకు చదివి వినిపించాను. మౌనం ఎంత గొప్పదో కాస్త వివరించబోయాను. జేబులో ఫోన్ వణికింది.

“ఇది నా ఫోన్‌లో ఎవరు పెట్టారు?” అని అడిగి, జన్మలో మొదటిసారి, ఊరుకున్నాను.

“వాళ్ళ మొదటి కస్టమర్‌ని నేనే” అంది మా ఆవిడ.