బావ పొట్టేలు, నా డేగ

మా బావ రెండు వారాల కిందట మంగళవారం పొద్దున గుంతకల్లులో చనిపోయాడు. గుండెపోటు. అక్క ఫోన్ చేసి రెండు మాటల్లో చెప్పింది. గూడ్సు గార్డుగా రిటైరై ఏడాది కూడా కాలేదు.

ఆయనంటే నాకు అసూయ. దాన్ని దాచి ఈ నాలుగు మాటలు రాయలేను.

తొంభైల చివర్లో ఆయన స్నేహితుడొకరు బెంగుళూరు నుంచి ఒక ఆటపుస్తకం జిరాక్సు తెచ్చిచ్చాడు. ఆటలో అందరమూ మాంత్రికులమే. ఒక్కొక్కరికి ఒక మాయజంతువు. పాతిక పాయింట్లు బలానికి, వేగానికి, ఓర్పుకు, మంత్రానికి మన ఇష్టం వచ్చినట్టు పంచి, దాన్ని బరిలోకి దించాలి. ఇరవై ముఖాల పాచిక గుంతకల్లులో యాడా దొరకలేదు. ఒకటి నుంచి ఇరవై దాకా చీటీలు రాసి స్టీలు చెంబులో వేశాం. వంతుకొక చీటీ తీస్తే, ఎంత అంకె వస్తే దెబ్బ అంత. ఆదివారం మధ్యాహ్నాలు ఆయన రైల్వే క్వార్టర్సులో ఐదుగురం కూర్చునేవాళ్లం. నేను అనంతపురం నుంచి రైల్లో వచ్చేవాణ్ని.

నాది నిప్పులు చిమ్మే డేగ. పాయింట్లన్నీ వేగానికి, మంత్రానికి పెట్టాను. మాతో ఆడే బుకింగు క్లర్కుది పులి. బావ పొట్టేలును ఎంచుకుంటే నవ్వాం. దెబ్బ కొట్టి మూడడుగులు వెనక్కి పోవడం ఒక్కటే దాని మాయ. మిగిలిందంతా ఓర్పు.

"కొట్టేది ఎవురైనా కొడతారప్పా, నిలబడల్ల" అనేవాడు.

మూడేళ్లలో ఆయన మీద ఒక్కసారి కూడా గెలవలేదు. ఒక్కసారి గెలిస్తే చాలనుకున్నాను. ఒక ఆదివారం అందరి ముందూ అనేశాను, గొప్పతనం పొట్టేలుదే, దాన్ని ఎవరాడించినా గెలుస్తారని. బావ తన కాగితం నా ముందుకు నెట్టాడు.

"అట్లయితే పొట్టేలు నువ్వు పట్టుకో బామ్మర్దీ. నీ డేగను నాకియ్యి."

తొమ్మిదో చీటీకి నా డేగే నా చేతిలోని పొట్టేలును పడగొట్టింది. ఇంక ఏ నక్కనో గాడిదనో చూసుకోమని క్లర్కు సలహా ఇచ్చాడు.

ఎట్లా గెలిచావని నేను అడగడానికి చానా కాలం పట్టింది. అడిగితే దాచలేదు.

"నేను జంతువును చూడను. ఆడించేటోన్ని చూస్తా. సగం ప్రాణం పోతానే నీకు తొందర పుడుతుంది. ఆడ పట్టుకుంటా."

బండి ఏ స్టేషన్లో ఎన్ని నిమిషాలు ఆగిందో రాసుకోవడం గార్డు పని. మమ్మల్నీ అట్లాగే ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాడట. మనుషులు ఏం చేస్తున్నారో గమనించి రాయడానికి పత్రికలో నాకు జీతమిస్తారు. అదే పని ఆయన సెలవురోజున, నాకంటే బాగా చేశాడు. అసలు మంట అక్కడ మొదలైంది. అయినా ఒకటి ఒప్పుకోవాలి. ఆ తర్వాత నేను ఎవరితో మాట్లాడినా, చెప్పే మాటతోపాటు వాళ్లు ఎక్కడ తడబడుతున్నారో చూడటం అలవాటైంది. అది ఆయన దగ్గర నేర్చుకున్నదే. ఆయన మీద మాత్రం పనిచేయలేదు. ఆయన రిటైరయ్యాక చివరిసారి ఆడినప్పుడూ ఓడిపోయాను.

పదకొండో దినం అక్క ఆ నోటుపుస్తకం తెచ్చి ఇచ్చింది. ముందు నా పేరే వెతికాను. నాలుగు లైన్లున్నాయి.

సగం ప్రాణం పోతే తొందర.
పొగిడితే ఏమరుపాటు.
ఓడితే అన్నం తినకుండా పోతాడు.
వచ్చే ఆదివారం మళ్లీ వస్తాడు.

నాలుగూ నిజాలే. ఒక్క విశేషణం లేదు. పేజీ తిప్పితే క్లర్కు పేరు మీద మూడు పేజీలున్నాయి.

"నాకింతేనా అక్కా?"

"నిన్ను ఓడించేదానికి అంతకంటే ఎందుకురా" అంది అక్క. ఆరోజు ఆమె నవ్వింది అప్పుడొక్కసారే.

దినానికి వచ్చిన క్లర్కు పుస్తకం అడిగి తీసుకున్నాడు. గడప మీద కూర్చుని చదువుతుంటే, నేను పక్కనే నిలబడి ఆయన ముగించేదాకా కాచుకున్నాను. మూడో పేజీ చివర ఆగి, కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకుని తన పేరున్న మొదటి పేజీకి తిప్పాడు.