నలభై ఐదు ఎర్ర స్టిక్కర్లు

ఇంతవరకూ నా డైరీకి తప్ప ఎవరికీ చెప్పలేదు. పంజాగుట్టలోని ఓ ఆసుపత్రిలో ఒకే పూటలో ముప్పై నాలుగు మంచి మిషన్లను మూలన కూర్చోబెట్టిన ఘనురాలిని నేనే. అదీ నోరు విప్పకుండా!

మిషన్ల విభాగంలో చేరి అప్పటికి రెండు నెలలు. రోగులకు మందును కొలిచి ఎక్కించే పంపుల్లో ఒక బ్యాచ్‌ను కంపెనీ వెనక్కి పంపమంది. బ్యాటరీ మీద నడుస్తూ, హెచ్చరిక గంటైనా మోగకుండా ఆగిపోవచ్చట. మా దగ్గర అలాంటివి పన్నెండు.

"వార్డు వార్డుకీ వెళ్లి సిస్టర్లతో మాట్లాడమ్మా. నంబరు చూసి స్టిక్కరు నువ్వే అంటించు. సాయంత్రానికి పన్నెండూ ఇక్కడుండాలి," అన్నారు మా సారు.

మాట్లాడాలా! అమీర్‌పేటలో హాస్టల్ దాటిపోతున్నా ఆటో అన్నతో 'ఆపండి' అనలేక, సనత్‌నగర్ దాకా వెళ్లి నడిచొచ్చిన మనిషిని నేను. అందుకే 'గౌరవనీయులైన సోదరీమణులకు' అంటూ రెండు పేజీల ఉత్తరం రాశాను. నంబర్లు చివర్లో వేశాను. 'వాడరాదు' అన్న ఎర్ర స్టిక్కర్ల కట్టతో కలిపి ప్రతి వార్డు బల్ల మీదా పెట్టి, పాలు తాగిన పిల్లిలా జారుకున్నాను.

మధ్యాహ్నం సారు ఫోను. "ఏంటమ్మా ఇది? నలభై ఐదింటికి స్టిక్కర్లున్నాయి! వీల్‌చైర్‌కి కూడా! ఆపరేషన్ థియేటర్ వాళ్లు పంపుల్లేవని మొత్తుకుంటున్నారు!"

మా దగ్గర మంచి మిషన్ కనబడితే పక్క వార్డు వాళ్లు ఎత్తుకుపోతారు. ఎర్ర స్టిక్కరున్నదాన్ని మాత్రం ఎవరూ ముట్టరు. నేను పంచినవి సిస్టర్ల కళ్లకు హెచ్చరికల్లా కాదు, తాళంకప్పల్లా కనిపించాయన్నమాట.

నంబర్లు చూస్తూ పోతే పదకొండు దొరికాయి. పన్నెండోది లేదు. మూడో అంతస్తుకు పరుగెత్తాను.

"నా కాడ లేదు బిడ్డా," అంది యాదమ్మ సిస్టర్. "ఉన్నయన్నిటికీ స్టిక్కర్లు కొట్టిన."

"నా ఉత్తరం చదివారా?"

"గది ఉత్తరమా? పెండ్లి పత్రిక అనుకున్న!"

ఆమె వెనక, పరదా చాటున, ఓ తాతగారి మంచం పక్కన స్టిక్కరు లేని పంపు. నంబరు చూశాను. అదే!

"గా పంపు మస్తు మంచిది. గందుకే దాచిన," అంటూ సిస్టర్ దాని ప్లగ్గు మీద చెయ్యి వేసింది. తాతగారిని స్కానింగుకు తీసుకెళ్లాలి. ప్లగ్గు పీకితే ఇక బ్యాటరీయే గతి.

"ఆపండి!"

ఆ గొంతు నాదేనని నాకే తెలియలేదు. సిస్టర్ చెయ్యి ఆగింది. కారిడార్లో ట్రాలీ ఆగింది. తాతగారి నోటి దగ్గర ఇడ్లీ ఆగింది. నిమిషంలో మంచి పంపు తెచ్చి మార్చాం. తాతగారు ఇడ్లీ పూర్తిచేశారు.

ఆ రోజే డైరీలో ఒట్టేసుకున్నాను: అరవాల్సిన మాటను ఈ జన్మలో మళ్లీ ఉత్తరంగా రాయను. 'గౌరవనీయులైన' అన్న మాట జోలికి అసలే పోను.

సాయంత్రం మిగిలిన స్టిక్కర్లు ఏరుకుంటుంటే యాదమ్మ సిస్టర్ నా కొంగు పట్టుకుని ఆపింది.

"ఒక్కటి ఇచ్చిపో బిడ్డా. నా టిఫిన్ డబ్బాకు కొడ్త. ఒక్కరు సుత ముట్టరు!"