నాయన సూది ఎందుకు మానేశాడు

చదవేస్తే ఉన్న మతి పోయిందన్న సామెతకు మా ఊళ్లో ఉదాహరణ అడిగితే మా ఇల్లే చూపిస్తారు.

మా నాయన నరసింహులు పదేళ్లు ఊరి ఆర్ఎంపీ దగ్గర కాంపౌండరుగా చేశాడు. హస్తవాసి మంచిదని పేరు. ఆర్ఎంపీ పక్కనే ఉన్నా జనం "నువ్వే ఎయ్యి నరసింహులూ" అని చొక్కా చెయ్యి పైకి మడిచేవాళ్లు. ఆర్ఎంపీ ఊరు వదిలి వెళ్లిపోయాక, ముప్పై రెండో ఏట, నాయన మార్కాపురంలో నర్సింగు కోర్సులో చేరాడు. చేరిన ఏడాదే ఊళ్లో సూది వేయడం మానేశాడు. జ్వరమని వస్తే డాక్టరు చీటీ ఏదంటాడు. నీరసంగా ఉంది, గ్లూకోజు సీసా ఎక్కించమంటే మజ్జిగ తాగమంటాడు. మజ్జిగ తాగమని చెప్పడానికి మూడేళ్ల చదువెందుకని ఊరంతా నవ్వింది.

ఇంట్లో మాత్రం నవ్వే తీరిక ఎవరికీ లేదు. నాయన కాలేజీకి పోతుంటే మా గొర్రెలను అమ్మ తోలుకుపోయేది. అందుకని పొద్దున వంట నాయనది. అన్నం వార్చి, కూర దించి, తెల్లబట్టలు తొడుక్కుని ఏడు గంటల బస్సుకు పరుగెత్తేవాడు. చొక్కాకు ఎప్పుడూ తాలింపు వాసనే. సాయంత్రం వచ్చాక ఆ రోజు నేర్చుకున్నదంతా మా మీద ప్రయోగించేవాడు. ఒకసారి అవ్వ పడుకున్న మంచం మీద దుప్పటి నాలుగు పక్కలా ఎంత బిగించి దోపాడంటే, తెల్లారి అవ్వ లేవలేక "నన్ను కట్టేసినావేందిరా!" అని అరిచింది. చేతులు ఏడు రకాలుగా రుద్ది కడుక్కోవాలని ఇంకో పాఠం. ట్యాంకరు రెండు రోజులకోసారి వచ్చే ఊళ్లో అదెట్లా కుదురుతుంది?

"నువ్వు చేతులు కడిగితే గొర్రెపిల్లలకు నీళ్లు మిగలవు" అని అమ్మ చెంబు లాక్కునేది.

ఊళ్లో నాయనను వెనకేసుకొచ్చే మనిషి ఒక్కడే, పక్కింటి ఓబులయ్య తాత. "వాని చెయ్యి మంచిదే. చదువు అయిపోనీండి, ఏస్తాడులే" అని అందరికీ సర్దిచెప్పేవాడు. ఎనిమిదేళ్లుగా ఆయన ఎడమ పాదం వాలిపోయి ఉంది. అంకాలమ్మకు మొక్కిన మొక్కు వాయిదా వేశాడని, ఆ వారమే జ్వరం వచ్చిందని, జ్వరం తగ్గేసరికి కాలు పడిపోయిందని ఊళ్లో అందరికీ తెలుసు. అప్పటి నుంచి ఏటా అమ్మవారికి కోడిని కోస్తున్నాడు. పాదం లేవలేదు.

మొన్నటి ఏడాది నాకు పదో తరగతి, నాయనకు ఆఖరి సంవత్సరం. పరీక్షలు దగ్గర పడ్డాక, పొయ్యి దగ్గర అమ్మ జొన్నరొట్టెలు తడుతుంటే నేను నాయన నోట్సు పట్టుకుని ప్రశ్నలు అడిగేదాన్ని. తప్పు చెబితే మొట్టికాయ. తండ్రిని మొట్టే అవకాశం ఎంతమందికి వస్తుంది!

"పిరుదుకు సూది ఎక్కడ ఎయ్యాల నాయనా?"

"పైన, బయటి పక్క."

"తప్పి లోపలికి ఏస్తే?"

నాయన పొయ్యిలోకి పుల్ల ఎగదోశాడు. మరచిపోయాడనుకుని మొట్టికాయ వేసి, నేనే చదివి వినిపించాను. కాలికి దిగే పెద్ద నరం దెబ్బతింటుంది. పాదం పైకి లేవదు. నడిస్తే వేళ్లు నేలకు గీసుకుంటాయి. చదువుతూనే పక్కింటి వైపు చూశాను. ఊళ్లో అట్లా నడిచే మనిషి ఒక్కడే.

అమ్మ రొట్టె తట్టడం ఆపింది. "ఓబులయ్య మామకు ఆ జ్వరంలో సూది ఏసింది..."

"నేనే" అన్నాడు నాయన. "నాకప్పుడు తెల్దు. మొదటేడు కాలేజీలో బొమ్మ గీసి చెప్పిన పొద్దు తెలిసింది. ఆ పొద్దు నుంచి ఊళ్లో సూది పట్టుకోబుద్ధి కాలేదు."

"నోరు మూసుకో" అంది అమ్మ. "అమ్మవారి మీద పోయినదాన్ని నువ్వెందుకు నెత్తికెత్తుకుంటావు? ఊళ్లో బతకనిస్తారా?"

"చెప్పకుంటే ఎట్ల? పాదం ఎత్తిపట్టే పట్టీ ఒకటి ఉంటుంది, చెప్పులో తొడుక్కునేది. ఆస్పత్రిలో మొన్ననే చూసినా. అమ్మవారి కోపమనుకున్నన్నాళ్లు మామ డాక్టరు కాడికి రాడు."

నిజం చెబుతున్నాను, నాయన నోరు విప్పకపోతేనే బాగుండునని నాకూ అనిపించింది. బడిలో నన్నేమంటారోనన్న భయం. అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

మర్నాడు సాయంత్రం ఓబులయ్య తాత ఎప్పటిలాగే వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. నాయన ఎదురుగా నేల మీద కూర్చుని, ఏదీ దాచకుండా చెప్పాడు. తాత తన పాదం వైపు చూసుకుంటూ విన్నాడు.

"అయితే అంకాలమ్మ తప్పేం లేదా?"

"లేదు మామా. అంతా నాదే."

"ఎనిమిది కోళ్లు కోసినా గదరా, నీ సూదికి!"

అవ్వకు నవ్వొచ్చి కొంగు అడ్డం పెట్టుకుంది. తాత నవ్వలేదు. గోడ పట్టుకుని లేచి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఆయన మమ్మల్ని తిట్టని చోటు లేదు. టీ బంకు దగ్గర, పాల కేంద్రం దగ్గర, బస్సులో. నాయన ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు. తాత కూతురు భవాని పిన్ని ఆయన్ను ఆస్పత్రికి పిలుచుకుపోయి పట్టీ వేయించింది. ఆ రోజు నాయన డాక్టరుకు సంగతంతా ముందే చెప్పి, తాత కంటపడకుండా స్తంభం చాటున నిలబడ్డాడట. పట్టీ వచ్చాక తాత పొలం దాకా నడిచి వస్తున్నాడు. మా గడప మాత్రం తొక్కలేదు. నాయన పరీక్ష పాసయ్యాడు. మా ఇంట్లో ఎవరికీ పండుగ చేసుకోబుద్ధి కాలేదు.

నాయన మార్కాపురంలోనే ఒక ఆస్పత్రిలో డ్యూటీలో చేరాడు. ఒకరోజు క్యారేజీ మరిచిపోతే నేను తీసుకెళ్లాను. టీకాల గదిలో రెండు బల్లలు. ఒకదాని దగ్గర నాయన, ఇంకోదాని దగ్గర ఒక సిస్టరు. భవాని పిన్ని నెలన్నర బిడ్డను ఎత్తుకుని వచ్చింది, వెనకే ఓబులయ్య తాత. నాయనను చూడగానే పిన్ని సిస్టరు వైపు తిరిగింది. నాయన తల వంచుకున్నాడు.

"అటు కాదు, ఇటు రా" అన్నాడు తాత.

"ఆయన కాడికా నాయనా?" అని పిన్ని తన తండ్రిని అడిగింది.

"సూది ఎక్కడ ఎయ్యగూడదో వీనికి తెలిసినంత ఆ పిల్లకేం తెలుసు?"

తాతే బిడ్డను తీసుకుని బల్ల ముందు కూర్చుని, తొడ మీది గుడ్డ తొలగించాడు. నాయన చోటు చూసుకున్నాడు. మళ్లీ చూసుకున్నాడు. వేశాడు. బిడ్డ కేరుమంది. దూది అదిమి పట్టుకున్న నాయన కళ్ల నుంచి నీళ్లు కారి చొక్కా మీద పడుతున్నాయి.

ఓబులయ్య తాత ఆయన వైపు చిరాగ్గా చూశాడు.

"నీకేందిరా, సూది నీకు ఏసినారా?"