దుబాయి పట్టు

కొమురెల్లి పహిల్వాన్ దుబాయిలో ఒక పఠాన్ దగ్గర ఒక పట్టు నేర్చుకొచ్చాడట. ఆ పట్టు పడితే అవతలి మనిషి కాళ్లలోని సత్తువంతా జారిపోతుందట, నోట మాట రాదట, కళ్లు మూతలు పడతాయట. కొమురెల్లి తనంతట తాను విడవాలి తప్ప పదిమంది పట్టి లాగినా విడిపించలేరట. కోరుట్ల కుస్తీల్లో సిరిసిల్ల హన్మంతును అట్లాగే పట్టి నిలబెట్టాడట, ఊరు ఊరంతా కళ్లారా చూసిందట. జగిత్యాల నుంచి వస్తున్న బస్సులో ఈ సంగతి చెబుతూ కండక్టరు డ్రైవరు నడుము పట్టబోయాడు కూడా.

వెనక సీట్లో, ఒళ్లో మందుల సంచి పెట్టుకుని కూర్చున్న సరిత కిటికీ వైపు ముఖం తిప్పుకుంది. ఆ మందులు కొమురెల్లివే. కొమురెల్లి ఆమె తండ్రి.

నమ్మాలో వద్దో ఆమెకు తెలియలేదు. తండ్రికి కుస్తీ రాదన్న సంగతి ఆమె చిన్నప్పటి నుంచీ ఎరుగును. ఆమెకే కాదు, చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలుసు. అయినా ఏ ఊళ్లో కుస్తీలు పెట్టినా మొదటి పిలుపు ఆయనకే. అక్కడ కుస్తీలు కొబ్బరికాయ బహుమానంతో మొదలై వెండి కడెం బహుమానంతో ముగుస్తాయి. కొబ్బరికాయ కుస్తీ జనాన్ని కూడగట్టడానికి, కడెం కుస్తీ అసలు మల్లులకు. కొమురెల్లి ఎప్పుడూ కొబ్బరికాయ కుస్తీయే పట్టాడు.

ఆయన బరిలోకి రావడమే ఒక తమాషా. డప్పుల ముందు మీసం దువ్వుకుంటూ మెల్లగా నడిచేవాడు. తొడ కొడితే ఆ చప్పుడు బస్టాండు దాకా వినపడేది. మట్టి తీసి నెత్తిన చల్లుకుని, ఎదుటివాణ్ణి కింది నుంచి మీది దాకా చూసి, "బిడ్డా, ఇంట్ల చెప్పొచ్చినవా?" అనేవాడు. జనం ఈలలు వేసేవారు. ఆ తర్వాత కన్ను మూసి తెరిచేలోగా ఆయనే వెల్లకిలా పడేవాడు. పడీ పడగానే లేచి, తనే గెలిచినట్టు నలుదిక్కులా దండాలు పెట్టేవాడు. కడెం గెలిచినవాడి పేరు మర్నాటికి మరిచిపోయేవాళ్లు కూడా కొమురెల్లి ఎట్లా పడ్డాడో నెల రోజులు చెప్పుకునేవారు.

తాటిచెట్లు ఎక్కి కల్లు గీసే కొమురెల్లి, చెట్లు ఎండిపోయాక దుబాయి వెళ్లాడు. అక్కడ కడుతున్న బిల్డింగు మీద నుంచి పడి, మెడ విరిగి, పట్టీతో తిరిగొచ్చాడు. ఆయన మంచాన ఉన్న ఏడే సరిత ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసి, తల్లి సత్యవ్వ పక్కన బీడీల చాట ముందు కూర్చుంది. మెడ మీద బరువు పడకూడదని జగిత్యాల డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇక చెట్టెక్కే మాట లేదు. కల్లు మండువాలో కూర్చుని ముంతలు నింపడమే ఆయన పని. అయినా కోరుట్ల వాళ్లు వచ్చి బతిమాలితే, "ఊకె పడుటే గదనే, పడుట నాకు రాదా?" అని సత్యవ్వను ఒప్పించి వెళ్లాడు.

ఆ రోజు సరిత కూడా వెళ్లింది. తండ్రి తొడ కొట్టడం, హన్మంతు ఎదురు రావడం చూసింది. హన్మంతు సిరిసిల్లలో సాంచాలు నడిపే నేత కార్మికుడు. అక్కడ మగ్గాలు ఆగితే భీవండి వెళ్లి, అక్కడా ఆగిపోతే తిరిగొచ్చినవాడు. ఇద్దరూ భుజాలు కలిపారు. ఇక కొమురెల్లి పడతాడని జనం నవ్వడానికి సిద్ధమయ్యారు.

కొమురెల్లి పడలేదు. హన్మంతు నడుము చుట్టూ చేతులు బిగించి, అతని తల తన భుజానికి ఆనించుకుని నిలబడిపోయాడు. మెడ నరాలు ఉబ్బాయి. డప్పులు ఆగాయి. ఎంతసేపైనా ఎవరి వీపూ మట్టికి తాకకపోయేసరికి ఈల ఊది బరాబర్ అన్నారు. కొబ్బరికాయ కొట్టి చెరో చిప్ప ఇచ్చారు.

సరిత రెండు సంగతులు గమనించింది. హన్మంతు మడమలు నేలకు ఆనలేదు, కాలి వేళ్లు మాత్రం మట్టిలో గీతలు పెట్టాయి. రెండోది కొబ్బరి. కుస్తీలో వచ్చిన కాయను అక్కడ ఎవరూ తినరు. ఇంటికి తీసుకెళ్లి అంజన్న పటం ముందు పెడతారు, మొక్కున్నవాళ్లు కొండగట్టు దాకా మోసుకెళ్తారు. హన్మంతు మాత్రం బరి వెనక్కి వెళ్లి, గోడ వైపు తిరిగి, చిప్పను పళ్లతో గీరి తిన్నాడు. కొమురెల్లి తన చిప్ప కూడా అతని చేతిలో పెట్టాడు.

"సూసిన్రా, కుక్కకు ఎంగిలి బొక్క ఏసినట్టు ఏసిండు!" అని జనం మురిశారు.

మాట పెరిగి పెరిగి పట్టు అయింది, పట్టుకు పఠాన్ వచ్చి చేరాడు. నెల తిరగకముందే ఊళ్లో కుస్తీలు పెట్టే బాలయ్య ఇంటికే వచ్చాడు.

"కొమురన్నా, మల్లన్న జాతరకు ఈసారి కడెం కుస్తీ నీదే. నాందేడు మల్లును పిలిచిన. గా దుబాయి పట్టు మనూరోళ్లకు గూడ సూపియ్యాలె."

"అయ్యో బాలయ్యా, ఆయన మెడ..." అంది సత్యవ్వ.

"మెడ బాగలేనోడు హన్మంతును గంతసేపు ఎట్ల పట్టిండే వదినా? ఏషాలా?"

కొమురెల్లి మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. కాదనలేదు.

ఆ సాయంత్రం సరిత బీడీలు చుడుతూనే అడిగింది. "బాపూ, గా పట్టు నిజంగ నేర్సినవా?"

"దుబాయిల ఇటుకలు మోసిన బిడ్డా. శుక్రారం పొద్దంత పండుకున్న."

"మరి బాలయ్య కాకకు చెప్పరాదు?"

"చెప్తే ఇంకొకని ముచ్చట చెప్పాలె. అది నాది గాదు. ఇంకోటి గూడ ఉన్నది. జన్మల ఒక్కపారన్న కడెం కుస్తీకి పిలువలే నన్ను. ఇప్పుడు పిలిచిన్రు."

సరితకు అంతా మరింత చిక్కుపడింది. ఎవరి ముచ్చట? తండ్రి భయపడుతున్నాడా, సంబరపడుతున్నాడా? నాందేడు మల్లు ఒక్కసారి ఎత్తి పడేస్తే ఆ మెడ మళ్లీ అతకదు. అది మాత్రం ఆమెకు స్పష్టంగా తెలుసు.

జాతర ముందు రోజు, మేనత్త ఇంటికని చెప్పి సిరిసిల్ల బస్సెక్కింది. ఆ పట్టు సంగతి హన్మంతునే అడగాలనుకుంది. నెహ్రూనగర్ సందుల్లో అడుగుతూ అడుగుతూ వెళ్లింది. సగం సాంచాల షెడ్లకు తాళాలే. ఒక షెడ్డులో మాత్రం చప్పుడు వినిపించింది. హన్మంతు అక్కడే ఉన్నాడు. అతని నెత్తి మీద తెల్లగా నూలు దుమ్ము.

"నేను కొమురెల్లి పహిల్వాన్ బిడ్డను అన్నా."

అతను గబుక్కున సాంచ ఆపాడు. "పహిల్వాన్ పానం మంచిగున్నదా?"

"రేపు కడెం కుస్తీకి దిగుతుండు. నాందేడు మల్లుతోని. గా పట్టు... నిజమేనా అన్నా?"

హన్మంతు ముఖం ఎర్రబడింది. ఏదో చెప్పబోయి, పక్కన పని చేస్తున్నవాళ్ల వైపు చూసి ఆగాడు. "మీ బాపు ఎవ్వలకు ఏం చెప్పలేదా?"

"లేదు."

"నువ్వు పో చెల్లె. నేనస్త." అంతే అన్నాడు. ఏమీ తెలుసుకోకుండానే సరిత తిరిగొచ్చింది.

మర్నాడు జాతరలో మైకు బాలయ్య చేతికి వచ్చే సమయానికి హన్మంతు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. బాలయ్య చెవిలో ఏదో చెప్పాడు. బాలయ్య ముఖంలో నవ్వు ఆరిపోయింది. ఒకసారి కొమురెల్లి వైపు, ఒకసారి హన్మంతు వైపు చూసి, గొంతు సవరించుకున్నాడు.

"మొదటిది కొబ్బరికాయ కుస్తీ! కొమురెల్లి పహిల్వాన్, సిరిసిల్ల హన్మంతు!"

"బాలయ్య భయపడ్డడురో! నాందేడోని నడుము ఇరుగుతదని భయపడ్డడు!" ఎవరో అరిచారు. అంతా గొల్లుమన్నారు.

కొమురెల్లి మీసం ఒక్క క్షణం వాలింది. అంతలోనే తొడ చరిచాడు. "బిడ్డా, ఇంట్ల చెప్పొచ్చినవా?"

"చెప్పే అచ్చిన పహిల్వాన్," అన్నాడు హన్మంతు.

భుజాలు కలిశాయి. కొమురెల్లి ఎప్పటిలాగే పడ్డాడు. అయితే ఈసారి హన్మంతు అరచెయ్యి ఆయన మెడ కింద ఉంది. పసిపిల్లను పడుకోబెట్టినట్టు ఆయన తలను మట్టి మీద ఆనించడం సరిత చూసింది. కొమురెల్లి లేచి నలుదిక్కులా దండాలు పెట్టాడు. ఈలలు మిన్నంటాయి.

గెలిచిన కాయను హన్మంతు తెచ్చి సరిత చేతిలో పెట్టాడు. "అంజన్న ముంగట పెట్టు చెల్లె. అప్పుడు పెట్టకపోతి."

"బాలయ్య కాకకు ఏం చెప్పినవ్ అన్నా?"

అతను తల దించుకున్నాడు. "కోరుట్లల కుస్తీకి దిగినోళ్లకు మాపటికి అన్నం పెడతరని పోయిన. అందాక ఆగుతననుకున్న. బరిలనే కండ్లు తిరిగినయ్. నేను పడితే అందరికి తెలుస్తుండె. మీ బాపు పడనియ్యలేదు."

ఆ పట్టుకు విరుగుడు లేదని జగిత్యాల బస్సులో ఇప్పటికీ చెబుతారు. కోరుట్ల బరిలోకి దిగే ముందు హన్మంతు రెండు రోజులుగా అన్నం తినలేదు.