పదిహేను నిమిషాలు ఆలస్యంగా వచ్చిన మొహం

మా ఆయన అబద్ధం దాచలేరు. ఇదేదో గొప్పతనం అనుకునేరు, అదేం కాదు. నోరు అబద్ధం ఆడేస్తుంది, మొహం పట్టించేస్తుంది. కూర నోట్లో పెట్టుకుని "అద్భుతం!" అంటారు. కనుబొమ్మలు మాత్రం ఉప్పెక్కువైందని నెత్తికెక్కి కూర్చుంటాయి. ఆయన గడియారాలు బాగుచేస్తారు. మూత తీసి లోపలికి చూడగానే, అది మళ్ళీ తిరుగుతుందో లేదో తెచ్చినవాళ్ళకి తెలిసిపోతుంది.

అలాంటి మనిషి ఇరవై ఏళ్ళుగా చదరంగం పోటీల్లో జడ్జి. చొక్కాకి పెట్టుకునే ఆ బ్యాడ్జీ అంటే ఆయనకి ప్రాణం. దాన్ని తుడిచినంత శ్రద్ధగా ఇంట్లో ఒక్క కిటికీ తుడిచి ఉంటే నేనెంత సంతోషించేదాన్నో!

ఈ ఏడు పోటీలకి కంప్యూటర్ వచ్చింది. పక్కగదిలో ప్రేక్షకుల కోసం పెద్ద తెర పెట్టారు. ఆట నడుస్తుండగానే ఎవరిది పైచేయో, ఏ ఎత్తు వేస్తే గెలుస్తారో అందులో కనబడిపోతుంది. ఆటగాళ్ళు అటు తొంగిచూడకూడదు. బల్ల మీద వేసిన ఎత్తులే తెర మీద పడుతున్నాయో లేదో చూసి రావడం మా ఆయన పని. చూసి వచ్చేవారు. వచ్చేటప్పుడు మొహం కూడా వెంట తెచ్చేవారు.

రెండోరోజుకల్లా ఆటగాళ్ళు బల్ల వంక చూడడం మానేశారు. ఆయన కళ్ళు పెద్దవైతే చాలు, ముట్టుకోబోయిన గుర్రాన్ని వదిలేసి మళ్ళీ ఆలోచనలో పడేవాళ్ళు.

ఒక ఆట ఓడిపోయిన పళ్ళ డాక్టరుగారు, జడ్జి సైగలు చేస్తున్నాడని ఫిర్యాదు పెట్టారు. కమిటీవాళ్ళు మా ఆయన జేబులు తడిమారు, చెప్పులు విప్పించారు, చేతిగడియారం ఊడదీయించారు. ఊడదీసిందీ ఆయనే, మళ్ళీ బిగించిందీ ఆయనే. ఏమీ దొరకలేదు. అయినా బ్యాడ్జీ లాక్కున్నారు.

ఇంటికొచ్చి "ఏం లేదే, బాగానే జరిగింది" అన్నారు. ఆ మొహం చూసి జరిగిందంతా రాబట్టాను. మర్నాడు పొద్దున్నే ఆయన్ని వెంటబెట్టుకుని కమిటీ మీదికి వెళ్ళాను.

"సైగలు చేసేంత తెలివి ఈయనకెక్కడేడ్చింది సార్? మీరే ఆడి చూడండి. ఈయన్ని తెర చూసి రమ్మనండి. నోరు విప్పొద్దనండి."

కార్యదర్శి, కోశాధికారి ఆటకి కూర్చున్నారు. కాసేపటికి మా ఆయన తెర చూసి వచ్చి, పెదవులు బిగబట్టి నిలబడ్డారు. కార్యదర్శిని చూడగానే పరామర్శకి వచ్చినవాళ్ళ మొహం పెట్టారు.

"నా మంత్రి పోతోందా?" అని అదిరిపడ్డారు కార్యదర్శి.

"నేనేమీ అనలేదండీ!" అన్నారు మా ఆయన.

"ఈ మొహాన్ని మనం మార్చలేం," అని కార్యదర్శి బ్యాడ్జీ తిరిగి ఇచ్చేశారు. ఇకమీదట తెర మీద ఏదైనా పదిహేను నిమిషాలు ఆలస్యంగానే రావాలని తీర్మానించారు.

ఫైనల్‌లో పళ్ళ డాక్టరుగారు, ఒక బస్సు కండక్టరు తలపడ్డారు. చూడ్డానికి నేనూ వెళ్ళాను. డాక్టరుగారు ఓడిపోయారు. చేతులు కలుపుకున్నారు, పావులు డబ్బాలోకి వెళ్ళాయి. డాక్టరుగారు సంచీ భుజాన వేసుకున్నారు. అప్పుడు పక్కగదిలోంచి మా ఆయన వచ్చారు. కళ్ళు మెరుస్తున్నాయి, నోరు చెవులదాకా సాగింది. సంబరంగా డాక్టరుగారి వంకే చూస్తున్నారు.

డాక్టరుగారికి అర్థమైపోయింది. సంచీ జారింది.

"ఇందాక నాకు గెలిచే ఎత్తు ఉందా? అయ్యయ్యో! కాస్త ముందొచ్చి ఏడవొచ్చుగా సార్!"

మా ఆయన బ్యాడ్జీ సవరించుకున్నారు.

"అయ్యో పాపం, డాక్టరుగారూ!" అంది నోరు.

మొహం ఏమందో డాక్టరుగారు చదివేసుకున్నారు. నేనూ చదువుకున్నాను.